చుక్క మింగిన పేర్లు

మిల్టన్‌ను నిన్న మధ్యాహ్నం మాంటెవిడియో రేవు దగ్గర కాల్చి చంపారు. అతని పార్ట్‌నర్ ఏజెంట్ ఎల్బియో లారోసాకు ఇంతవరకు ఏడుపు రాలేదు. పన్నెండేళ్లు కలిసి పనిచేసిన మనిషి పోతే గుండె పగలాలి కదా, ఇతనికి మాత్రం మనసంతా మొద్దుబారిపోయింది.

విదేశీ ముఠా చంపదలచిన వాళ్ల పేర్లున్న ఫైలును మిల్టన్ నిన్న పొద్దున్నే సంపాదించి తమ గూఢచారి ఏజెన్సీ ఆఫీసులో ఇచ్చాడు. కంప్యూటర్ దాన్ని విడదీసి "పేర్లు: సున్నా" అని చూపించింది.

"ఉత్త ఫైలు. అనవసరంగా పోయాడు పాపం," అంది డీకోడింగ్ చూసే ఇవెట్, ఎర్రని గోళ్లతో జుట్టు సవరించుకుంటూ. ఆమె నడిచొస్తే కల్నల్‌లు కూడా కుర్చీల్లోంచి లేచేవారు. "ఇంటికెళ్లి పడుకో, ఎల్బియో."

"ఉత్త ఫైలులో అరవై అక్షరాలెందుకున్నాయి?"

ఎల్బియో ఆమె ప్రోగ్రామ్ తెరిచాడు. ఫైలులో పేర్ల మధ్య చుక్కలున్నాయి, చుక్క దగ్గర కొయ్యమని ఆమె రాసింది. కానీ అక్కడ ఉత్త చుక్క రాస్తే మెషీన్‌కు అది చుక్క కాదు, "ఏ అక్షరమైనా సరే" అని అర్థం. అది ప్రతి అక్షరాన్నీ కోత గుర్తే అనుకుని తీసి పారేసింది. ఇక మిగిలేదేముంది?

"ఇది మామూలు చుక్కే" అని మెషీన్‌కు తెలిసేలా చుక్క ముందు రెండు బ్యాక్‌స్లాష్‌లు, అంటే వెనక్కి వాలిన గీతలు, పెట్టి మళ్లీ నడిపాడు. రెండు పేర్లు, వాటి పక్కన టైములు, చోట్లు వచ్చాయి. మొదటిది మిల్టన్. రెండోది డెల్మిరా, ముఠా రాకపోకలు ఏజెన్సీకి చేరవేసే ఫెర్రీ టికెట్ల గుమాస్తా. ఈరోజే, నాలుగు గంటలకు, ఫెర్రీ దగ్గర. ఇప్పుడు మూడూ నలభై.

"ఈవిణ్ణి కదలనివ్వకండి, చీఫ్," అని పక్క గదిలోని పై అధికారిణికి అరిచి చెప్పి ఎల్బియో పరుగెత్తాడు.

ఫెర్రీ క్యూలో అందరి చంకల్లోనూ వేడినీళ్ల ఫ్లాస్కులే. ఒకడి చేతిలో మాత్రం మాతే అనే ఆకు టీ పోసుకుని తాగే సొరబుర్ర లేదు. ఈ ఊళ్లో సొరబుర్ర లేకుండా ఫ్లాస్కు మోసేవాడు ఉండడు. వాడు ఫ్లాస్కు మూతిని డెల్మిరా వైపు తిప్పుతుండగా ఎల్బియో వాడి మోచెయ్యి విరిచేశాడు. ఫ్లాస్కులో దాచిన తుపాకీ పేలి తూటా పైకప్పులో దిగబడింది. గడియారం నాలుగు కొట్టింది.

సాయంత్రం విచారణ గదిలో ఇవెట్ చల్లగా నవ్వింది. "చిన్న పొరపాటు. ఎవరైనా చేస్తారు."

"చేస్తారు. కొత్తలో నేనూ చేశాను, క్యాంటీన్ మెనూ అంతా మాయమైంది," అన్నాడు ఎల్బియో. "నువ్వు మాత్రం మిగతా ప్రోగ్రాముల్లో పంతొమ్మిది చోట్ల సరిగ్గానే రాశావు."

ఆమె నవ్వు ఆగిపోయింది.

చీఫ్ నిన్నటి కంప్యూటర్ లాగ్ తీసి ఎల్బియో ముందు పెట్టింది. ఆ సున్నాను మొదట చూసింది మిల్టనే. కింద టైపు చేశాడు: "ఎవరికీ ప్రమాదం లేదు. భోజనానికి వెళ్తున్నా."

ఎల్బియో దాన్ని రెండుసార్లు చదివాడు.

"రిపోర్టులో ఏం రాయమంటావయ్యా?" అంది చీఫ్ మెల్లగా.

"లిస్టులో సగం మందిని కాపాడామని రాయండి, మేడమ్. మన ఆఫీసుకు అది మంచి మార్కే."