పొరలు వేసిన గొంతు

సొంత చెల్లెలి ప్రాణం తీసి చేశాడు ఆ ఆల్బమ్‌ను. అయినా అది బాగాలేదు.

ఈ రెండు సంగతుల్లోనూ స్పీకర్ల మెకానిక్కుకు ఏనాడూ సందేహం లేదు. చచ్చిపోయింది అతని భార్య. చంపింది ఆమె అన్న, అంటే అతని బావ. రాక్ బ్యాండు పెట్టి గిటార్‌తో ఉరిమేవాడని జనం ఆ బావను ‘ఉరుము’ అనేవారు. రికార్డింగు జరిగినన్నాళ్ళూ ఆమె గొంతు రోజురోజుకీ సన్నగిల్లింది. ఆఖరి పాట ముగిసిన రోజున ఊపిరే ఆగిపోయింది. ఏ జబ్బూ లేదన్నారు డాక్టర్లు. ఉరుము మాత్రం శవం పక్కన కూర్చుని కూడా చెవులకున్న హెడ్‌ఫోన్లు తీయలేదు!

ఇంతా చేసి ఏం సాధించాడు? పాటలన్నీ ఒకే పాట. మూలుగుతూ మొదలవడం, నడుమ గిటార్లు ఒక్కసారిగా విరుచుకుపడటం, గాయం, వాన, చీకటి అంటూ అదే ఏడుపు. అలాంటి బ్యాండ్లు వీధికి నాలుగున్నాయి. విన్నవాళ్ళు తిట్టనైనా లేదు. మరిచిపోయారు. అదే ఉరుముకు మింగుడు పడలేదు.

ఆ రోజు అసురసంధ్య వేళ... ఆకాశం నల్లగా కమిలిపోయి ఉంది. మేఘగర్భంలో మెరుపులు కాలసర్పాల్లా మెలికలు తిరుగుతున్నాయి. మెకానిక్కు కొట్టు కట్టేసి ఇంటికి వచ్చేసరికి కూతురు లేదు. పక్కింటావిడ గుమ్మంలో నిలబడి ఉంది.

“వాళ్ళ మేనమామ వచ్చి తీసుకెళ్ళాడుగా! ఏదో పాటకు గొంతు కావాలట. మీకు చెప్పలేదా?”

“ఎవడితో పడితే వాడితో వెళ్తుంటే చూస్తూ ఊరుకున్నారా?”

“ఎవడితోనో ఏంటండీ, మేనమామ పరాయివాడా?”

పరుగెత్తాడు. ఉరుము స్టూడియో పాత గోదాము కింద నేలమాళిగలో ఉంది. కిటికీల్లేవు. అక్కడ పట్టపగలు కూడా అర్ధరాత్రే. మెట్లపైన దూలం మీద ఒక గుడ్లగూబ... అతన్ని చూసి ఎగిరిపోలేదు. మెడ తిప్పి, దిగేవాడి వంక తదేకంగా చూసింది.

తలుపు తోశాడు. కాలిన వెంట్రుకల కమురు గుప్పుమంది. గాయకులు నిలబడే చోట, మైకుకు ఎదురుగా ఒక కపాలం! నుదుట రక్తతిలకం. కంటిగుంటల్లోంచి ఒక ఎర్రదారం వచ్చి కూతురి మణికట్టుకు చుట్టుకుని ఉంది. పిల్ల జుట్టు విరబోసుకుని, కనుగుడ్లు తేలేసి పాడుతోంది. పెదవులు కదలడం లేదు... ఆ గొంతు పిల్లది కాదు. వాళ్ళమ్మది!

“రా బావా,” అన్నాడు ఉరుము, రికార్డింగు మీటల బల్ల ముందు నుంచి తల తిప్పకుండానే. “మీ ఆవిడే. గుర్తుపట్టావా?”

“పిల్లను వదులు.”

“కాసేపాగు. కిందటిసారి దాని గొంతు పలచగా పడింది. అందుకే ఆల్బమ్ తేలిపోయింది. ఈసారి దాన్ని పిల్ల ఒంట్లోకి దింపి పాడిస్తున్నా.”

“ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నట్టుంది! నీకు పాట కట్టడం రాదురా. చెల్లెల్ని మింగినా రాలేదు.”

ఉరుము కళ్ళు నిప్పులు కురిశాయి. “ఇంకొక్క అడుగు వేశావో... దీని గొంతు కూడా కపాలంలోకి లాగేస్తా!”

దారం బిగిసింది. పిల్ల కంఠనరాలు ఉబ్బాయి. మెకానిక్కు ఎత్తిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

ఉరుము కపాలంపై భస్మం చల్లి మంత్రం జపించాడు. పాట ఆర్తనాదమైంది. చెవి ఒగ్గి విని, మూతి విరిచాడు. “ఊహూఁ... ఇంకా పలచనే.”

పలచబడ్డ గొంతుకు స్టూడియోలో ఒక మందుంది. అదే గొంతుకు మళ్ళీ మళ్ళీ నకళ్ళు తీసి, ఒక్కోదాన్ని రవ్వంత వెనక్కి జరిపి, పొరమీద పొర పరుస్తారు. ఒంటి గొంతు గుంపులా మోగుతుంది. ఉరుముకు తెలిసిన విద్యంతా అదే. పాటలన్నిటికీ అదే పూత పూశాడు. ఇప్పుడూ చెయ్యి అలవాటుగా ఆ మీట మీదకే పోయింది. ఎదుట ఉన్నది ప్రేతమన్న సంగతే మరిచాడు. పాట చిక్కబడాలి, అంతే!

మీట నొక్కాడు.

ఒక గొంతు రెండైంది. రెండు నాలుగై... గోడలన్నీ ఆమే అయ్యాయి!

ఉరుము కట్టింది ఒక్క ప్రేతాన్ని. వేసింది ఒక్క దారం. కొత్తగా పుట్టినవాటికి ఏ కట్టూ లేదు.

“ఆగు!” అని గద్దించాడు. కపాలంలో ఉన్నది ఆగింది. మిగిలినవి ఆగలేదు.

“అన్నయ్యా...” అంది ఒక స్పీకరు. వెంటనే దాని వెనక ఇంకొకటి, “అన్నయ్యా!” ఇంకొకటి... నాలుగు మూలలా అదే పిలుపు!

బంధనమంత్రం అందుకున్నాడు. అతను పలికిన ప్రతి అక్షరాన్నీ అవి లాక్కుని, రవ్వంత ఆలస్యంగా, వంద నోళ్ళతో తిరిగి పలికాయి. మంత్రం తునాతునకలైంది. పైన ఎక్కడో పిడుగు పడింది. స్పీకర్లు చీలి, విరబోసిన కురుల్లాంటి ధూమం పాయలు పాయలుగా వచ్చి అతని కంఠాన్ని పెనవేసింది. అరవబోయాడు. నోరు తెరుచుకుంది, కేక మాత్రం బయటికి రాలేదు... దాన్ని కూడా లోపలే పీల్చేశాయి! ఒళ్ళు చెరుకుపిప్పిలా ఎండి, ముడుచుకుని, బల్ల కింద కూలింది. కపాలం ఫెళ్ళున పగిలింది. దారం మసైపోయింది.

నేలకొరుగుతున్న కూతుర్ని మెకానిక్కు పట్టుకున్నాడు. ఊపిరి ఆడుతోంది.

“ఏమండీ...” అని వినిపించింది. చీలిన స్పీకర్లలో ఒకదాని వెనక ఒకటి, మెల్లగా. “పిల్లను తీసుకెళ్ళండి... తీసుకెళ్ళండి...” పొరలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. అన్నిటికంటే వెనకబడ్డ గొంతు ఒక్కటి మిగిలింది. “...వెళ్ళండి.” అదీ ఆగిపోయింది.

మెకానిక్కు పిల్లను భుజాన వేసుకుని మెట్లెక్కాడు.

బయట కుండపోత. చినుకులు ముఖాన పడగానే పిల్ల కళ్ళు తెరిచింది.

“నాన్నా... లోపల ఎవరో నా తల నిమిరారు. అచ్చం అమ్మ చెయ్యిలాగే ఉంది. అమ్మేనా?”

“ఇంటికి పోదాం. తడిసిపోతున్నావు.”

“చెప్పు నాన్నా. మరి మామయ్యేడి?”

అతను ఆగాడు. వానలో ముఖం ఎటువైపు తిప్పుకున్నాడో పిల్లకు కనిపించలేదు.

“ఇదే మొదలు, ఇదే ఆఖరు. ఇంకెప్పుడూ నన్ను అడక్కు. నేను చచ్చేదాకా ఆ ఊసు ఎత్తను.”