మెడలోది తియ్యను

ఆదోనిలో ఫోటో స్టూడియో పెట్టుకున్న రాఘవేంద్రప్రసాద్‌కు కంప్యూటర్ కొన్న కొత్తలో ఒక జబ్బు పట్టుకుంది. ఫోటోలో కంటికి ఇంపుగా లేని ప్రతిదాన్నీ తుడిచేయడం. మొటిమలు, పుట్టుమచ్చలు, గాట్లు, ఏదీ మిగల్చలేదు. జనం కూడా సంతోషంగానే పట్టుకుపోయేవారు, శివలీల వచ్చేదాకా.

శివలీల ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. పెళ్ళి సంబంధాలకు పంపడానికని ఫోటో దిగి వెళ్ళింది. మర్నాడు సాయంత్రం వచ్చి, కవరు విప్పి చూసి, ఫోటో కౌంటరు మీద పెట్టింది.

"ఏమప్పా, నా మెడలో ఉండేది యాడపోయింది?"

వాళ్ళు లింగాయతులు. చిన్నప్పుడే గురువు కట్టిన లింగం కాయలాంటి ఒక వెండి బరిణెలో, దారానికి, గుండెల మీద వేలాడుతూ ఉంటుంది. స్నానానికీ తీయరు, నిద్రకూ తీయరు. అదేదో చీర మీద ఉబ్బెత్తుగా కనబడుతోందని ప్రసాద్ శుభ్రంగా చెరిపేశాడు. పైగా మేలు చేశాననుకున్నాడు.

"నీట్‌గా ఉంటాదని తీసేసినా మేడమ్."

"ముక్కు కూడా పొడుచుకొనే ఉండాది గదా. అది యాల తియ్యకపోతివి?"

ప్రసాద్ ఆ ముక్కు వైపు చూశాడు. అవసరమైనదానికంటే కొంచెం ఎక్కువసేపే చూశాడు. అక్కడే చెడిపోయాడు.

ఇంతలో వాన మొదలైంది. ఆదోనిలో వానంటే చుట్టపుచూపుగా వచ్చి కాఫీ కూడా తాగకుండా పోయే రకం. ఆ రోజు మాత్రం భోజనానికి కూడా ఉంటానన్నట్టు కూర్చుంది. ఫోటో మళ్ళీ తీసేదాకా శివలీల కదల్లేదు. లింగం కనబడితే సంబంధాలు తప్పిపోవా అని అతను నసిగాడు. తప్పిపోయేవి ముందే తప్పిపోతే తనకు బస్సు చార్జీలు మిగులుతాయని ఆమె చెప్పింది.

ఆ తర్వాత స్కూలు గ్రూప్ ఫోటో వచ్చింది. ఆ వెనక హాల్‌టికెట్ ఫోటో, బ్యాంకు ఫోటో. ఆ ఏడాది శివలీల దిగినన్ని పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు దుబాయికి పోయేవాళ్ళు కూడా దిగి ఉండరు. ప్రసాద్ ఒక్కటి కూడా ముట్టుకోకుండా, ఉన్నది ఉన్నట్టే ప్రింటు తీసి ఇచ్చేవాడు.

చివరికి ఒక ఆదివారం బస్టాండులో పెళ్ళి మాట అడిగేశాడు. ఆమె వెంటనే కాదనలేదు గానీ, తన తండ్రి చెన్నబసప్ప సంగతి చెప్పింది. అల్లుడు లింగం కట్టుకుంటే తప్ప ఆయన గడప తొక్కనివ్వడట.

"అంతేనా? కట్టుకుంటా," అన్నాడు రోజూ నుదుట నామం పెట్టుకునే ప్రసాద్ ఉత్సాహంగా.

శివలీల మొహం ఎర్రబడింది.

"నేను దొరికేదానికి కట్టుకుంటావా? ఇది బస్సులో సీటుకు ఏసే టవలు కాదప్పా. నమ్మకం కుదిరిన దినం కట్టుకో, నేనే మా గురువు దగ్గరికి పిల్చుకపోతా. నాకోసమైతే వద్దు. నేను నామం పెట్టుకునే మనిషినే ఇష్టపడినా."

తిట్టిందో ఒప్పుకుందో అర్థం కావడానికి ప్రసాద్‌కు రెండు బస్సులు వెళ్ళిపోయేంత సేపు పట్టింది.

ఆ మాటే ఇంట్లో తండ్రితోనూ అంది. కూతురితో వాదించి గెలిచిన చరిత్ర ఆయనకు లేదు. సరే, ముందు ఆ పిల్లోని తల్లిని ఒప్పించుకో అన్నాడు. అక్కడ ఎలాగూ ఆగిపోతుందని ఆయన ధీమా.

ప్రసాద్ తల్లి వెంకటేశ్వరమ్మది బజారులో బట్టల కొట్టు నడిపే ఇల్లు. పూజ, మడి, పండగ, అన్నీ గట్టి. పిల్లను చూడాలి, భోజనానికి పిలుచుకొని రమ్మంది. శివలీల వచ్చింది. విస్తరి వేశాక, లింగపూజ చేసుకోకుండా తినను, ఒక గ్లాసు నీళ్ళు, కాస్త చోటు ఇప్పించమంది.

వెంకటేశ్వరమ్మ నీళ్ళు ఇవ్వలేదు. కోపంగా కాదు, బుజ్జగిస్తున్నట్టే చెప్పింది.

"పెండ్లయినంక అది మా దేవునింట్లో పెట్టేద్దువులేమ్మా. మెడలో తాళి ఉండంగ మళ్ళా అదేంటికి? ఏ ఇంటి పిల్ల ఈ ఇంటికొచ్చిందో చూసినోళ్ళందరికీ తెలిసిపోదా?"

"తెల్సాలనే గదమ్మా," అంది శివలీల. "నేనెవరంటే ముందు ఇదే. మేం సచ్చినా దీన్ని అరచేతిలో పెట్టే పూడుస్తారు. అప్పుడే తియ్యనిది పెండ్లికి ఎట్ల తీస్తా? మీ కొడుకంటే నాకు ప్రాణం. అయినా తియ్యను."

విస్తరి ముందు నుంచి లేచింది. పక్కనే ప్రసాద్ కూడా లేచాడు.

"తియ్యమనేటట్లయితే నాకు ఈ పెండ్లీ వద్దు, ఇంగో పెండ్లీ వద్దు మా."

ఎన్నడూ ఎదురు చెప్పని కొడుకు వైపు వెంకటేశ్వరమ్మ ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు చూసింది. తర్వాత శివలీలను చూసింది. ఆ చూపు చాలా సేపు ఆమె మీదే ఉండిపోయింది.

"కూర్చో," అంది చివరికి. "నేను ఈ ఇంటికొచ్చినప్పుడు నా శనివారం ఒక్కపొద్దు మాన్పియ్యాలని మా అత్త చెయ్యని పని లేదు. కడుపుతో ఉన్నప్పుడు కూడా నేను మాన్లేదు. ఆయమ్మ ఉంటే ఇప్పుడు నన్ను చూసి నవ్వేది."

లోపలికి పోయి తనే ఇత్తడి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. శివలీల గోడవారన కూర్చుని, లింగాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని, తొందర లేకుండా పూజ చేసుకుంది. అన్నం చల్లారిపోయింది.

"రోజూ ఇంతసేపు పడతాదా?" అడిగింది వెంకటేశ్వరమ్మ.

"ఇంగా కొంచెం పడతాది అత్తా."

ఆ పిలుపును వెంకటేశ్వరమ్మ దిద్దలేదు. వడ్డిస్తూ లెక్క వేసుకుంది.

"కొళాయి నీళ్ళు మనకు రోజూ రావు. పొద్దున్నే ముందు నేను పోసుకుంటా, నా వెనక నువ్వు పోసుకో."

"మరి నేను మా?" అన్నాడు ప్రసాద్.

"నువ్వు నామం పెట్టుకునేది అద్దం ముందర నిలబడేదానికి. మిగిల్తే పోసుకో, లేకుంటే మొగం కడుక్కో."