పైడిరాజు కంట్లో మెలిక

"గడ్డం ఇక్కడ ఆనించండి. పచ్చ చుక్కనే చూడండి" అంది డాక్టర్ విమల. బస్సు డ్రైవర్ మస్తాన్ యంత్రం ముందు బిగుసుకుని కూర్చున్నాడు. యంత్రం తెరకి ఎదురుగా బల్ల మీద సన్యాసమ్మ కూర్చుంది. ఆమె అతనికి ఏమీ కాదు. అతని కుడికన్ను మాత్రం పడవ ప్రమాదంలో పోయిన ఆమె భర్త పైడిరాజుది.

పోయినవాళ్ళ కన్ను మొత్తంగా తీసి బతికున్నవాళ్ళకి అతికించడం విశాఖపట్నంలో అప్పటికి వింత కాదు. అలా అతికించిన కంట్లో నెత్తురు సరిగ్గా పారుతోందా లేదా అని చూడడానికే ఈ యంత్రం. సూది లేదు, రంగు మందు లేదు. కంట్లోకి కాంతి పంపి, వెనక ఉన్న రెటీనాలో కదిలేదాన్ని మాత్రం పట్టుకుంటుంది. అక్కడ కదిలేది నెత్తురే కాబట్టి, వెంట్రుకంత సన్నని రక్తనాళం కూడా తెర మీద గీతై కనిపిస్తుంది.

పైడిరాజు రెటీనాలో ఒక నాళం పుట్టుకతోనే జిలేబీలా మెలిక తిరిగి ఉంది. ప్రతి పరీక్షకీ సన్యాసమ్మ పని మానుకుని వచ్చేది దాన్ని చూడడానికే. ఆ మెలికలో నెత్తురు ఆడుతుంటే ఆమె మనసు కుదుటపడేది. పిచ్చిదని నర్సులు నవ్వుకునేవారు. నవ్వేవాళ్ళకేం, పోయింది వాళ్ళ మొగుళ్ళు కాదుగా!

ఈసారి డాక్టర్ మొహం మారింది.

"మెలికలో నెత్తురు గడ్డ కడుతోంది. లేజర్‌తో దాన్ని మూసేసి, పక్క నుంచి కొత్త నాళం పెంచాలి. లేకపోతే చూపు పోతుంది."

మస్తాన్ సన్యాసమ్మ వైపు తిరిగాడు. "నువ్వొద్దంటే వద్దక్కా. ఒంటికన్ను నాకు అలవాటే."

"ఆ మెలిక పోతే ఆయన్ని నానెలాగ పోల్చుకుంతాను డాక్టరమ్మా?" అంది సన్యాసమ్మ. తర్వాత తనే కొంగుతో మొహం తుడుచుకుంది. "నీ పిల్లల కూటికి నీ సూపు కావాల తమ్ముడూ. సేయించీసుకో." ఆ ఒక్క మాట అనడానికి ఆమె ప్రాణం విలవిల్లాడిపోయింది.

కన్ను కుదురుకున్నాక మళ్ళీ పరీక్ష చేశారు. దోషమేదీ లేదని యంత్రం తేల్చింది. తెర మీద నాళాలు అందరి కళ్ళలో ఉన్నట్టే ఉన్నాయి.

"ఇక ఇది పూర్తిగా మీ కన్నే!" అంది డాక్టర్ సంతోషం పట్టలేక.

సన్యాసమ్మ తెర దగ్గరికి వెళ్ళి ఆ చివర నుంచి ఈ చివరకి వెతికింది. తర్వాత నేల మీద కూలబడింది.

"ఏమైందక్కా?" అంటూ మస్తాన్ పరుగున వచ్చాడు.

"మా ఆయన ఇయ్యాల కన్ను మూసేడు తమ్ముడూ" అంది.

మస్తాన్ రెండు కళ్ళూ తెరుచుకుని ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.