పది రోజుల దుమ్ము

స్నేహలత సంచీ భుజాన వేసుకుని కోచింగ్‌కని గడప దాటిందో లేదో, పుష్ప చీపురు అందుకుంది.

"ఆగు పుష్పా, ఆగు!" రాట్నం ముందు నుంచి అండాలు కేక పెట్టింది. "మనిషి పోంగనె ఊడుస్తరా? పిల్ల చేరినట్టు ఫోన్ రానీ."

"పొద్దుగాల మీ మనుమరాలు పోతది, తర్వాత మీ కొడుకు చీరల సేటు దగ్గరికి పోతడు. ఒక్కొక్కలు చేరేదాంక ఆగితే నేను ఊడిచేదెప్పుడు అత్తమ్మా? ఇల్లంత నూలు పీచే."

అయినా పుష్ప చీపురును మూలకు పెట్టేసింది. ఇంట్లోంచి మనిషి వెళ్లగానే ఊడవకూడదని నారాయణపేటలో అందరూ అనుకునేదే. కాసేపు ఆగి అందరూ ఊడ్చుకుంటారు. అండాలు మాత్రం అలా ఊరుకోలేదు. వెళ్లినవాళ్లు చేరారన్న కబురు చెవిన పడేదాకా ఆమె చీపురు ముట్టనివ్వదు.

ఫోన్ మోగింది. గుంత మగ్గంలో కూర్చున్న కొడుకు పరశురాములు, నూలు పోగును అటూ ఇటూ లాగే నాడె ఆపి ఫోనెత్తాడు.

"అండాలు గారా? మా ఇంట్ల గారు ఎవ్వల్లేరు సార్. మా అమ్మ ఉన్నది." నవ్వుతూ స్పీకరు నొక్కాడు.

"అమ్మా, నా పేరు మల్లికార్జున్. కొత్తగా రాసేవాళ్ల కోసం అమ్రాబాద్ దగ్గర వేసవి బడి పెడుతున్నాం. పది రోజులు అక్కడే ఉండాలి. మీ రచన ఎంపికైంది. సగంలో ఆపేశారు. మిగతాది అక్కడికి వచ్చి రాయాలి."

పరశురాములు మొహంలో నవ్వు పోయింది. అండాలు చేతిలో నూలు చుట్టిన కండె జారి కింద పడింది.

సాయంత్రం స్నేహలత రాగానే పంచాయితీ మొదలైంది.

"నేనే పంపిన నాయినా," ఆ పిల్ల తల వంచుకోకుండా చెప్పింది. "అవ్వ నోట్‌బుక్ ఫోటోలు తీసి పంపిన."

"అరవై నాలుగేండ్లకు బడికి పోతదా? బజార్ల నవ్వరా? పెండ్లిండ్ల గిరాకీ మీదున్నది, కండెలెవరు చుట్టాలె?"

"కండెలు నేను చుట్టుకుంట," అంది పుష్ప.

"బీపీ గోలీలు యాది చేసేటోళ్లు ఎవరున్నరాడ? అడివిల ఏమన్న అయితే దవాఖాన సుత దగ్గరుండదు. నాయిన పోయినంక ఈమె ఒక్క రాత్రి బయట పండుకోలే. అసలు ఏం రాసిందట? ఇంటి ముచ్చట్లు ఊరి ముందట పెడ్తదా?"

అండాలు మెల్లగా అంది. "నీ పలక చూసి నేర్చుకున్న అక్షరాలు రా ఇవి. నువ్వు ఒకటో తరగతిల 'అ' దిద్దుతుంటే, రాట్నం తిప్పుకుంట నేను నేల మీద దిద్దిన. నూలు కట్టలకు చుట్టిన పేపర్లన్ని చదివిన. ఇన్నేండ్లల్ల ఏం చదివినవే అని ఒక్కరన్న అడిగిన్రా? ఇయ్యాల రమ్మని పిలుస్తున్నరు."

"పోతే పో. నేనైతే బస్సు కాడికి రాను," అన్నాడు పరశురాములు.

కొడుకు ముందు అలా అంది గానీ, అతని కంటే ఎక్కువ భయం అండాలుకే ఉంది. తన వాళ్లలో సంచీ పట్టుకుని దూరం వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. భర్త తన కాళ్ల మీద నడిచి హైదరాబాద్ దవాఖానకు వెళ్లాడు, శవమై అంబులెన్సులో వచ్చాడు. అంతకుముందు అక్క సోమమ్మ. డెబ్బై రెండు కరువులో మగ్గాలు ఆగిపోతే, కొత్తగా పెళ్లైన అక్క మొగుడి వెంట కూలి పనికి బొంబాయి లారీ ఎక్కింది. లారీ మలుపు తిరగకముందే పన్నెండేళ్ల అండాలు చీపురు పట్టి పుట్టింటి వాకిలంతా ఊడ్చింది. ఎవరూ ఊడవమనలేదు. ఏడుపు ఆపుకోవడానికి చేతికేదో పని కావాలి, అంతే. ఒక్క కార్డు ముక్క వచ్చింది. తర్వాత అక్క జాడే లేదు. తానే అక్కను ఊడ్చేశానని యాభై రెండేళ్లుగా అండాలు ఎవరికీ చెప్పలేదు. నోట్‌బుక్‌లో రాసింది అదే. సగంలో ఆగింది కూడా అక్కడే.

వెళ్లే రోజు పరశురాములు మగ్గంలోంచి తల ఎత్తలేదు. నాడె ఎప్పటికంటే గట్టిగా కొట్టుకుంటోంది. అండాలు గడప మీద నిలబడింది. 'జర ఊడవకున్రి' అనాలని ఉంది. కొడుకు వంచిన మెడ చూసి ఆ మాట మింగేసి గడప దిగింది. స్నేహలత మహబూబ్‌నగర్ దాకా వెంట వచ్చి, నిర్వాహకుల వ్యాను ఎక్కించింది. దారంతా అండాలు చెవుల్లో చీపురు చప్పుడే.

వ్యాను నల్లమల ఘాట్ ఎక్కుతుంటే ఆ చప్పుడు ఎక్కడో తప్పిపోయింది. ఇన్ని చెట్లు ఒక్కచోట ఉంటాయని ఆమెకు తెలియదు. మే నెలలో చల్లని గాలి వీస్తుందనీ తెలియదు. శిబిరంలో పెద్ద గది, నేల నుంచి కప్పు దాకా పుస్తకాలు. అండాలు చెప్పులు బయట విడిచి, చేతులు కొంగుకు తుడుచుకుని, ఒక పుస్తకం వీపు మీద వేలు పెట్టి చూసింది. ఆమెకు ఒక కుర్చీ, ఒక టేబులు ఇచ్చారు. టేబులు మీద కాగితం ముక్కపై ఆమె పేరు ఉంది. ఆ పేరును ఆమె మూడుసార్లు చదువుకుంది.

మర్నాడు పొద్దున ముప్పై మంది తల వంచి రాస్తున్నారు. ముప్పై మగ్గాలు ఒక్కసారే ఆడుతున్నా చప్పుడు లేనట్టు ఆమెకు అనిపించింది.

నాలుగో రోజు ఆమె వంతు వచ్చింది. స్నేహలత పంపిన ఫోటోల నుంచి అచ్చు తీసిన కాగితాలు పట్టుకుని చదివింది. చదవడం అయ్యాక ఆమెతో గది పంచుకున్న పిల్ల, జేబా, చెయ్యెత్తింది.

"అవ్వా, చీపురు గురించి అంత రాసినవ్. మీ అక్క గురించి ఏం లేదు. పోయేటప్పుడు ఏ చీర కట్టింది?"

ఆ రోజటి చీపురులో ఎన్ని పుల్లలున్నాయో కూడా అండాలుకు యాభై రెండేళ్లుగా గుర్తు. అక్క చీర గుర్తు లేదు.

"తెల్వదు బిడ్డా," అంది.

"తెలుస్తుంది. తొందరేం లేదు," అన్నాడు మల్లికార్జున్.

మూడు రోజులు టేబులు దగ్గర కూర్చుంది. ఒక్క ముక్క రాలేదు. ఎనిమిదో రోజు పొద్దున చింతచిగురు పప్పు వాసన వంటింట్లోంచి వచ్చింది, చింతచిగురు నములుతూ అక్క లారీ మీద కనపడింది. ఆకుపచ్చ చీర, ఎర్రంచు. తమ నాయిన నేసిన చీర, పెళ్లిది. అక్క నవ్వుతోంది. "ఏడ్వకే అండాలూ, నీకు బొంబాయి గాజులు తెస్త" అంటోంది. పోయిన మనిషి ఒక్కొక్క అక్షరంగా కాగితం మీదికి నడిచి వస్తుంటే అండాలు కలం ఆపలేకపోయింది. రాయడం అంటే ఇదని ఇన్నాళ్లూ ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆ పది రోజుల్లో సిగ్నల్ దొరికింది ఒక్కసారే. స్నేహలత మాట్లాడింది. "నాయినకు ఇస్త" అంటే, వెనక నుంచి "పని మీదున్న అను" అని వినపడింది.

తిరిగి ఇల్లు చేరేసరికి ఎండ వసారాలోకి వచ్చింది. అండాలు గడప ముందే ఆగిపోయింది. షాబాదు బండల మీద వేలితో రాస్తే అక్షరం పడేంత దుమ్ము. మూలల్లో నూలు పీచు ఉండలు కట్టింది.

"పుష్పా! ఇంట్ల ఎవరికన్న బాగలేదా?" గాబరాగా లోపలికి నడిచింది.

"అందరం బాగనే ఉన్నం అత్తమ్మా. మీ కొడుకునే అడుగున్రి! పది దినాల సంది నన్ను చీపురు ముట్టనియ్యలే. తీస్కపోయి దూలానికి కట్టిండు. వచ్చినోళ్లంత ఇదేం ఇల్లని మూతి తిప్పుకుంట పోయిన్రు. ఇగో, ఇంతవరకు తుమ్ముతనే ఉన్న."

అండాలు తల ఎత్తింది. మగ్గం పైన దూలానికి నూలు తాడుతో గట్టిగా కట్టిన చీపురు. తాడుకు మూడు ముళ్లు.

పరశురాములు గుంతలోంచి లేచి వచ్చాడు. తల్లి మొహంలోకి చూడలేక చేతులు దులుపుకున్నాడు.

"గూట్ల నీ నోట్‌బుక్ ఉండె. నువ్వు పోయిన దినమే చదివిన." దూలం వైపు చూశాడు. "పెద్దమ్మను తీస్కపోయింది కరువు, అమ్మా. చీపురు కాదు. పన్నెండేండ్ల పిల్లవు, నీకేం ఎర్క? ఇన్నేండ్లు మాకు ఒక్క మాట చెప్పకపోతివి."

"చీపురు కాదన్నోనివి, మరి నువ్వెందుకు కట్టినవు రా?"

నలభై నాలుగేళ్ల మనిషి ఒకటో తరగతి పిల్లవాడిలా నిలబడ్డాడు.

"ఏమో అమ్మా. భయమైంది."

అండాలు కొడుకు తల రెండు చేతులతో దగ్గరికి తీసుకుంది. ఇద్దరి ఏడుపూ చూసి పుష్ప కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. తుమ్మో ఏడుపో తెలియలేదు.

కాసేపటికి పరశురాములు స్టూలు ఎక్కి దూలం మీది ముళ్లు విప్పాడు. పుష్ప చీపురు అందుకుంటూ, "ఇగనన్న ఊడవొచ్చునా అత్తమ్మా?" అంది.

"జర ఆగు పుష్పా."

అండాలు వసారా వైపు తిరిగి కూర్చుంది. పది రోజుల దుమ్ములో, గడప నుంచి లోపలికి, అందరి అడుగుల మీద, ఆమె పాదాల గుర్తులు కొత్తగా అచ్చు పడి ఉన్నాయి. ఇంటి నుంచి వెళ్లిన అడుగులే ఇన్నాళ్లూ చూసింది. తిరిగి వచ్చిన అడుగులు ఇలా ఉంటాయన్నమాట. వాటిని ఒక్కొక్కటిగా కళ్లతో తాకుతూ గడప దాకా వెళ్లి, మళ్లీ తన దాకా వచ్చింది.

"ఇగ ఊడ్వు బిడ్డా," అంది.