దుప్పట్ల గదిలో గొంతు

మా ఆసుపత్రి మూడో వార్డు చివర దుప్పట్ల గది ఉంది. ఒకప్పుడు అర్ధరాత్రి దాటాక అందులోకి ఎవరూ ఒంటరిగా వెళ్లేవారు కాదు. దుప్పటి తక్కువైతే పక్క వార్డులో అడుక్కొచ్చేవాళ్లం గానీ, ఆ తలుపు మాత్రం తీసేవాళ్లం కాదు.

ఫెలీసా అనే ముసలి నర్సు నలభై ఏళ్లు ఈ వార్డులోనే చేసి, ఆ గదిలోనే దుప్పట్లు మడతపెడుతూ కూలిపోయిందట. చచ్చాక కూడా డ్యూటీ దిగలేదట. తనకి నచ్చిన పిల్లని పిలిచి పని నేర్పుతుందట... ఆవిడ నేర్పిన పిల్లకి ఇక తిరుగుండదట. ఈ ఒరూరో ఊరి కొండచలిలో రాత్రి డ్యూటీ చేస్తూ ఈ మాట నమ్మని నర్సుని నేను చూడలేదు. నేనూ నమ్మాను, దాచడమెందుకు?

ఇప్పుడు చెప్పబోయేది కసిల్డా నోటితో నేను విన్నది. నేను కలిపిందేమీ లేదు. కాస్త ఉప్పూ కారం, అంతే.

కసిల్డాకి ఇరవై ఆరేళ్ల సర్వీసు. దొరకని నరాన్ని చీకట్లో కూడా పట్టేస్తుంది. కొత్త పిల్లలకి ఆవిడ నేర్పినట్టు ఎవరూ నేర్పరు. నేర్పుతూ ఆవిడ తిట్టినట్టు ఎవరూ తిట్టరు కూడా. "ఒక్కసారే చెప్తా. రెండోసారి అడిగావంటే మీ ఊరి బస్సెక్కెయ్" — అదీ వరస.

ఆ ఏడు మా వార్డు ఇన్‌చార్జి పోస్టు ఖాళీ అయింది. దరఖాస్తులు మూడే. ఒకటి కసిల్డాది, ఒకటి లిసెత్‌ది. మూడోది నాది. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు లెండి.

లిసెత్ మూడేళ్ల కాంట్రాక్టు పిల్ల. డిసెంబరుతో ఆ కాంట్రాక్టూ ఆఖరు. కూతురిని ఎక్కడో గుట్టల్లో వాళ్లమ్మ దగ్గర వదిలేసి వచ్చింది. ఈ పోస్టు వస్తే పర్మనెంటు అవుతుంది, కూతుర్ని తెచ్చుకుంటుంది. రాకపోతే మూటాముల్లె సర్దుకోవాల్సిందే.

వచ్చిన కొత్తలో సెలైన్ సీసా పట్టుకుంటే చేతులు వణికేవి దానికి. అలాంటిది ఏడాది తిరిగేసరికి... అబ్బో! ఏ రోగి ముఖం చూసి ఏం చెయ్యాలో డాక్టరు కంటే ముందు చెప్పేది. "మా వార్డుకి ఇలాంటి పిల్ల ఇంకొకతె ఉంటే చాలు" అని పెద్ద డాక్టరు అందరి ముందూ అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు కసిల్డా పక్కనే ఉంది. ఇరవై ఆరేళ్లలో ఆవిణ్ణి అలా అన్నవాళ్లు లేరు. కడుపు భగ్గుమంది. నాకూ మండిందనుకోండి, కానీ నా మంట ఎవరికి కావాలి?

"దీనికి ఇదంతా ఎవరు నేర్పుతున్నారే?" అని నన్ను అడిగింది.

"మీరేగా నేర్పారు" అన్నాను.

"నేను చెప్పేది నలుగురికీ చెప్తాను. మిగతా ముగ్గురూ మొద్దుల్లా ఉన్నారుగా! దీని వెనకాల ఇంకెవరో ఉన్నారు."

ఆ వారంలోనే తెలిసింది ఆ ఎవరో ఎవరని.

తెల్లవారుజాము మూడు దాటింది. వార్డు నిద్రలో ఉంది. లిసెత్ లేచి, అటూ ఇటూ చూసి... దుప్పట్ల గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. కసిల్డా పిల్లిలా వెనకే వెళ్లింది.

లోపల లైటు లేదు.

గొంతు మాత్రం ఉంది. ఆడగొంతు, కాస్త బొంగురు, ఆపకుండా మాట్లాడుతోంది. మాటలు తెలియడం లేదు. మధ్యలో లిసెత్... బడిలో పిల్లలా... ఆ మాటల్నే మెల్లగా మళ్లీ అంటోంది.

కసిల్డా పరుగెత్తుకొచ్చి నర్సుల బల్ల దగ్గర కూలబడింది. భయం పది నిమిషాల్లో పోయిందట. పోయాక వచ్చింది అసలైంది.

"ఇరవై ఆరేళ్లు! ఇరవై ఆరేళ్లు ఆ గుమ్మం ముందే తిరిగాను. ఆ ముసలిది నన్నొక్కసారి పిలిచిందా? నిన్నగాక మొన్న వచ్చిన దాన్ని పిలిచింది! నాలో ఏం తక్కువైంది?" అనుకుందట. దెయ్యం పట్టలేదని కుళ్లుకున్న మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. నవ్వాను కూడా... ఆవిడ చూడకుండా.

మరుసటి వారం ఆఫీసులో పనిచేసే స్నేహితురాలు కసిల్డా చెవిలో ఊదింది. గురువారం రాత్రి డ్యూటీలో, తెల్లవారుజామున నాలుగింటికి సూపర్‌వైజరమ్మ చెప్పాపెట్టకుండా వస్తుంది. మందుల కాగితాలు చూస్తుంది. ఆ పోస్టు ఎవరికివ్వాలో అప్పుడే తేలుస్తుంది.

మా దగ్గర పగటి నర్సులు నీలం సిరాతో రాస్తారు, రాత్రి నర్సులు ఎర్ర సిరాతో. మందు రోగి నోట్లో పడ్డాకే సంతకం. ముందే సంతకం పెట్టి దొరికితే ఇంటికే. కొట్టేసి దిద్దితే ఇంకా ఘోరం, ఎర్ర గీత నిలువెత్తున కనపడుతుంది.

గురువారం డ్యూటీ ఎక్కగానే కసిల్డా రెండు గ్లాసుల్లో వేడి అపి, అదే మా మొక్కజొన్న జావ, తెచ్చింది. ఎప్పుడూ తేని మనిషి. లిసెత్ పొంగిపోయింది.

"ఇదిగో పిల్లా, ఆరింటి మందులకి నువ్వు ఆరింటికి సంతకాలు పెడుతూ కూర్చుంటావు. అందుకే డ్యూటీ అప్పగించేసరికి రోజూ ఆలస్యం. మూడింటికే పదకొండు మందికీ పెట్టేసుకో. పెద్దవాళ్లం అందరం చేసేదదే, పైకి చెప్పం అంతే."

"నిజంగానా అక్కా? మీరే వద్దనేవారు కదా..."

"కొత్తవాళ్లకి వద్దంటాం. నువ్వింకా కొత్తదానివా?"

లిసెత్ కళ్లు మెరిశాయట. ఆ మెరుపు చూసి లోపల ఎక్కడో చురుక్కుమందట. అయినా కసిల్డా అపి తాగేసింది.

మూడున్నర. లిసెత్ లేచింది. మళ్లీ ఆ గదిలోకే.

ఈసారి కసిల్డా తలుపుకి చెవి ఆనించింది. గొంతు... స్పష్టంగా...

"—చేతులు రుద్దుకుని వెచ్చగా అయ్యాకే రోగిని ముట్టుకో. చల్లటి చెయ్యి పడగానే వాడు నిన్ను నమ్మడం మానేస్తాడు..."

కసిల్డా చెవి ఇంకా గట్టిగా ఆనించింది. అది తన మాట!

"—డాక్టరు కేకలేస్తే బదులు చెప్పకు. కాగితం మీద టైము వేసి రాసుకో. రేపు నిన్ను కాపాడేది నోరు కాదు, కాగితం..."

ఇదీ తన మాటే. ఓసి ముసలిదానా! నా దగ్గర దొంగిలించి దీనికి పెడుతున్నావా? పళ్లు పటపటా కొరికిందట.

అప్పుడు లోపలి గొంతు తేనెలా మారింది.

"—మూడింటికే పదకొండు మందికీ పెట్టేసుకో... పెద్దవాళ్లం అందరం చేసేదదే..."

 ఆ మాట కసిల్డా రాత్రి తొమ్మిదింటికి రెండు గ్లాసుల మధ్య అన్నది. మూడోమనిషి లేదు. చచ్చినదానికెలా తెలిసింది? పైగా ఆ గొంతులో అంత విషముంది... వింటుంటేనే అబద్ధమని తెలిసిపోతోంది. ఈ మాట చెప్పినదెవత్తో గానీ ఎంత పాపిష్టిది, అనిపించిందట. అనిపించాక గుర్తొచ్చిందట, చెప్పింది తనేనని.

తలుపు తోసింది.

చీకట్లో దుప్పట్ల మీద లిసెత్ ఒక్కతే. చేతిలో ఫోను.

"ఎవరే... ఎవరిదా గొంతు?"

"మీదే అక్కా." లిసెత్ గబుక్కున లేచింది. "మీరు గబగబా చెప్తారు. మా గుట్టల్లో భాష వేరు, నాకు స్పానిష్ మెల్లగా ఎక్కుతుంది. రెండోసారి అడిగితే తిడతారని... జేబులో ఫోను పెట్టి అన్నీ రికార్డు చేసుకుంటున్నా. మూడేళ్లుగా. చెవుల్లో పెట్టుకుని వింటే రోగి గంట వినపడదని మీరే చెప్పారు, అందుకే ఇక్కడికొచ్చి పైకే పెట్టుకుంటా. తప్పైపోయింది, తిట్టకండి."

"నాదా?" అంది కసిల్డా. "నా గొంతు అలా ఉంటుందా?"

"అలాగే ఉంటుంది అక్కా. అది వింటే నాకు ధైర్యంగా ఉంటుంది."

 కసిల్డా ఇన్ని రోజులూ ఎవర్ని చూసి ఏడ్చిందో ఆ మనిషి తనే. ఆ పిల్ల వెనకాల నిలబడింది ఇంకెవరూ కాదు.

"సంతకాలు?" అంది.

"పెట్టేశాను అక్కా. పదకొండూ. మీరు చెప్పారుగా."

లిఫ్టు మా అంతస్తులో ఆగిన చప్పుడు వినబడింది.

నోరు మూసుకుంటే చాలు, పోస్టు కసిల్డాదే. ఆ మాట ఆవిడే నాతో అంది. "ఊరికే నిలబడితే చాలునే, అంతే పని" అంది.

ఊరికే నిలబడలేదు. బల్ల దగ్గరికి పరుగెత్తి, ఎర్ర పెన్ను లాక్కుని, ఆ కాగితం అడుగున రాసింది: 'ఈ సంతకాలు ముందుగా పెట్టించింది నేను. తప్పని తెలిసే చెప్పాను.' కింద పూర్తి పేరు, టైము. సూపర్‌వైజరమ్మ వచ్చేసరికి ఆ సిరా ఇంకా తడిగానే ఉంది.

లిసెత్‌కి మందలింపుతో సరిపోయింది, కాంట్రాక్టూ పొడిగించారు. డిసెంబరు దాటింది, కూతురూ వచ్చింది. కసిల్డాని రెండేళ్లు రక్తనిధికి మార్చారు, అక్కణ్ణుంచే రిటైరైంది. ఇద్దరి పేర్లూ జాబితాలోంచి కొట్టేశారు. మిగిలింది నేను.

ఆ పోస్టులో కూర్చుని ఇప్పటికి నాలుగేళ్లు. కొత్త పిల్లలకి రోజూ చెప్తూనే ఉన్నాను, తిట్టకుండా, ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు. "సరే మేడం" అంటారు. తెల్లవారుజామున మూడు దాటగానే ఒక్కొక్కతీ మెల్లగా లేచి దుప్పట్ల గదిలోకి పోతుంది. లిసెత్ ఆ రికార్డులన్నీ వాళ్ల ఫోన్లలోకి ఎక్కించింది. అబద్ధం చెప్పిన ఆ ఒక్కటీ కూడా తీసెయ్యలేదట, "అదీ వినాలి మేడం" అంటుంది.

నేను బల్ల దగ్గర ఒక్కదాన్నే కూర్చుని వింటుంటాను. ఆ బొంగురు గొంతూ, వెనకే పిల్లల గొంతులూ... నా మాటలు మాత్రం ఇంతవరకూ ఒక్కతీ రికార్డు చేసుకోలేదు.