పన్నెండో గుర్తు దగ్గర తారు

మధ్యాహ్నం సొరంగానికి రెండు వైపులా బండ్లు ఆపించి, నన్ను లోపలికి పంపారు. నా పని రోడ్డు వయసు చెప్పడం. తారు పాతబడేకొద్దీ గట్టిపడుతుంది, చప్పుడు అందులో వేగంగా పోతుంది. చిన్న సుత్తితో కొడితే, ఆ వేగాన్ని బట్టి మిషన్ ఏళ్లు చూపిస్తుంది. రోడ్డుకు గీత కూడా పడకూడదు. ఆ నియమం గుర్తొస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ రోడ్డు వేసి పంతొమ్మిదేళ్లు. వేసిన రోజే, రోలర్ నడిపిన మా బావ ఇంటికి రాలేదు. ఎవరితోనో లేచిపోయాడన్నారు. ఆయన తలుపు కొట్టే తీరు వేరు. గబగబా రెండు, కాస్త ఆగి ఒకటి. ఆ చప్పుడు కోసం అక్క ఇప్పటికీ చెవులు రిక్కించుకునే ఉంటుంది.

కొట్టి చూడాల్సిన చోట్ల సుద్దతో గుర్తులు పెట్టారు. మొదటి పదకొండు గుర్తుల దగ్గర మిషన్ పంతొమ్మిదే చూపింది. పన్నెండో దగ్గర సున్నా. వెధవ మిషన్! ఆపి మళ్లీ పెట్టాను. సున్నా. అరచేయి ఆనించి చూశాను. వెచ్చగా ఉంది. ఇప్పుడే పోసిన తారు వాసన గుప్పుమంది. ఒక మనిషి పడుకునేంత మేర, అంతే.

సగం దీపాలు వెలగడం లేదు. ఎక్కడో నీళ్లు కారుతున్నాయి. విసుగ్గా సుత్తితో ఇంకొకటి ఇచ్చాను.

కింది నుంచి చప్పుడు వచ్చింది. రెండు... ఆగి, ఒకటి.

మళ్లీ అదే. మళ్లీ. మా సార్‌కి ఫోన్ చేశాను.

"ఇక్కడ తవ్వాలి సార్... కింద ఎవరో ఉన్నారు."

"తవ్వడానికైతే నువ్వెందుకమ్మా? పంతొమ్మిదని రాసేసి బయటికి రా. రేపు పొద్దున్నే పైన కొత్త పొర వేస్తున్నాం."

కోపంతో ఏడుపొచ్చింది. బావ విషయంలోనూ ఇంతే. ఎవరూ తవ్వి చూడలేదు, లేచిపోయాడని రాసేశారు. ఉక్రోషం ఆగక మోకాళ్ల మీద వంగాను.

"బావా... ఇంటికి వెళ్లు. అక్క చూస్తోంది."

చప్పుడు ఆగిపోయింది.

అక్కకి ఫోన్ చేశాను. "అక్కా, బావ..."

"ఉండవే," గుసగుసలాడింది అక్క. "తలుపు కొడుతున్నారు. రెండు... ఆగి, ఒకటి. ఆయనేనే!"

"తీయకు అక్కా!"

గడియ తీసిన చప్పుడు.

"అబ్బ... ఏంటీ తారు వాసన..."

ఫోన్ కట్టయింది.

పన్నెండో గుర్తు మీద సుత్తితో కొట్టాను. మిషన్ పంతొమ్మిది చూపించింది. పడిపోకుండా ఎడమ చేయి పక్కన ఆనించాను.

ఆ చేతి కింద తారు మెల్లగా వెచ్చబడుతోంది, ఇంకో మనిషి పడుకునేంత మేర.