ఆరు డబ్బాలు, ఎనిమిది పేర్లు

"నలభై ఆరు, నలభై ఏడు, నలభై ఎనిమిది!"

చివరి చెంచాను చాప మీద పెట్టి జీనత్ చేతులు దులుపుకుంది. లెక్క సరిపోయింది. చెక్క చెంచాలన్నీ నున్నగా మెరుస్తున్నాయి. ఒక్కో చెంచా కాడ చివర ఒక చిన్న ఆకు చెక్కి ఉంది. అది వాళ్ళ నాన్న చాంద్ బాషా పనితనం. చెక్క చెంచాలు చెయ్యడంలో ఉదయగిరిలో ఆయనకు మంచి పేరుంది. చెప్పిన టైముకు ఇవ్వడంలో మాత్రం అంత పేరు లేదు.

ఆరోజు శనివారం. ఒంటిపూట బడి. సాయంత్రం నాలుగింటికి ఆత్మకూరులో ఒక బడి వార్షికోత్సవం. పోటీల్లో గెలిచిన ఎనిమిది మంది పిల్లలకు ఈ చెంచాలే ప్రైజులు. ఒంటిగంట బస్సు తప్పిపోతే మళ్ళీ బస్సు నాలుగింటికే. అది చేరేసరికి అక్కడ జనగణమన కూడా అయిపోతుంది.

"అమ్మా, ఎనిమిది డబ్బాలు. డబ్బాకు ఆరు చెంచాలు. మర్చిపోబాక!" అని చాంద్ బాషా పెరట్లోంచి అరిచి, స్నానానికి పోయాడు.

డబ్బాలు సర్దే పని ఎప్పుడూ దాదీదే. దాదీ అంటే చాంద్ బాషా వాళ్ళమ్మ, వజీరున్నీసా. కానీ ఆరోజు జీనత్ ముందే చాప మీద చేరింది.

"నేను సర్దుతా దాదీ! నువ్వు పోయి మంచి చీర కట్టుకో."

జీనత్ తొందర అంతా డబ్బాల కోసం. అవి నెల్లూరు నుంచి తెప్పించిన అట్టడబ్బాలు. మూత మీద నీలం నెమలి. అలాంటి డబ్బా ఒకటుంటే బలపాలు దాచుకోవచ్చు. రెండుంటే గాజులు కూడా దాచుకోవచ్చు. ఉన్నవేమో ఎనిమిదే.

అప్పుడు జీనత్‌కు సుబ్బరత్నమ్మ టీచరు చెప్పిన పాఠం గుర్తొచ్చింది. మొన్ననే టీచరు పలక మీద చింతగింజలు పేర్చి చూపించింది. ఆరు వరసలు, వరసకు ఎనిమిది గింజలు. తర్వాత పలకను పక్కకు తిప్పింది. ఎనిమిది వరసలు, వరసకు ఆరు గింజలు! ఒక్క గింజ పెరగలేదు, ఒక్క గింజ తగ్గలేదు.

"దీన్నే స్థిత్యంతర న్యాయం అంటారు. అంకెలు అటూ ఇటూ మార్చినా గుణకారం మారదు. ఆరు, ఎనిమిది రెండూ నలభై ఎనిమిదికి కారణాంకాలే" అంది టీచరు.

ఐదో తరగతిలో ఆ పేరు తడబడకుండా పలికింది జీనత్ ఒక్కతే. ఇంకేం, ఆరు డబ్బాలు తీసి, ఒక్కోదాంట్లో ఎనిమిదేసి చెంచాలు కుక్కింది. మిగిలిన రెండు డబ్బాలు తన పుస్తకాల సంచిలోకి పోయాయి.

దాదీ చీర కొంగు సర్దుకుంటూ వచ్చి చూసింది.

"ఏంది బిడ్డా, మూతలు సరిగ్గా పడలా? మీ అబ్బా ఎనిమిది డబ్బాలన్నాడే. ఇక్కడ ఆరే ఉండాయి."

"అయ్యో దాదీ! ఆరు ఎనిమిదులు నలభై ఎనిమిది. ఎనిమిది ఆర్లు నలభై ఎనిమిది. రెండూ ఒకటే!"

"ఒకటెట్లయితాది? ఎనిమిది మంది అన్నాడు కదా."

జీనత్ పకపకా నవ్వింది. "నీకు ఎక్కాలు రావు కదా, ఎట్లా చెప్పేది? దీన్ని స్థిత్యంతర న్యాయం అంటారు. నీకు తెలీదులే!"

దాదీ మొహం చిన్నబోయింది.

"సరేలేమ్మా. చదువుకునే దానివి, నీకే తెలియాల" అంది.

మూతలు లేచిపోకుండా జీనత్ డబ్బాలకు పురికొస కట్టింది. అంతలో చాంద్ బాషా తడి తల తుడుచుకుంటూ వచ్చి, "పాండి పాండి, బస్సొచ్చే టైమయింది!" అని సంచీ అందుకున్నాడు. లోపలికి తొంగి చూసే తీరిక ఆయనకు లేదు.

బస్సు కిటకిటలాడుతోంది. సగం మంది అనుమసముద్రంపేట దర్గాకు పోయేవాళ్ళే. దాదీకి సీటు దొరికింది. జీనత్ దాదీ ఒళ్ళో కూర్చుని ఆత్మకూరు దాకా హాయిగా నిద్రపోయింది.

బడి ఆవరణలో షామియానా వేశారు. స్టేజీ మీద మైకు కుయ్‌మంటోంది. హెడ్మాస్టరు జనార్దనయ్య స్వయంగా ఎదురొచ్చి, చాంద్ బాషాను ముందు బెంచీలో కూర్చోబెట్టాడు. పక్కన దాదీ, ఆ పక్కన జీనత్.

"వచ్చే ఏడు కూడా ప్రైజులు మీవేనయ్యా" అన్నాడు జనార్దనయ్య. చాంద్ బాషా తల పైకెత్తి అటూ ఇటూ చూశాడు. ఆ మాట నలుగురూ విన్నారా లేదా అని.

ప్రైజుల పంపకం మొదలైంది. పాటల పోటీ, పరుగుపందెం, చిత్రలేఖనం... ఒక్కొక్కరూ స్టేజీ ఎక్కుతున్నారు. జనం చప్పట్లు కొడుతున్నారు. ఆరు పేర్లయ్యాయి.

"వ్యాసరచన. మాలకొండమ్మ!"

సన్నగా, పొడుగ్గా ఉన్న పిల్ల పరుగున స్టేజీ ఎక్కింది. రెండు చేతులూ ముందుకు చాచి నిలబడింది. ప్రైజులు అందిస్తున్న అయ్యవారు సంచీలో చెయ్యి పెట్టాడు. అటు తడిమాడు, ఇటు తడిమాడు. సంచీ తిరగేసి దులిపాడు.

"ప్రైజులైపోయినాయ్!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. పిల్లలంతా గొల్లుమన్నారు.

మాలకొండమ్మ చాచిన చేతులు మెల్లగా కిందికి దించింది. తర్వాత వీపు వెనక్కి పెట్టుకుంది. ఎనిమిదో పిల్లవాడు ఖాజావలి మెట్టు మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

జీనత్ ఆ చేతుల వైపే చూసింది. అప్పటిదాకా ఆమె లెక్కలో చెంచాలున్నాయి, డబ్బాలున్నాయి. మనుషులు లేరు.

జనార్దనయ్య బెంచీ దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించినా మొహంలో కోపం దాగలేదు. "ఎనిమిదని కాగితం మీద రాసి ఇచ్చినాను కదయ్యా! పిల్లల్ని స్టేజీ ఎక్కించి ఉత్త చేతుల్తో పంపేదా?"

చాంద్ బాషాకు తల కొట్టేసినట్టయింది. గబుక్కున తల్లి వైపు తిరిగాడు.

"ఏందమ్మా ఇది? ఎనిమిదని చెప్పినాను కదా! ఎన్నిసార్లు చెప్పాల? నీకు లెక్క తెలీకపోతే తెలిసినోళ్ళను అడగొచ్చు కదా! పరువంతా తీసినావు!"

ఆ మాటలు రెండు మూడు వరసల దాకా వినిపించాయి. అందరూ దాదీ వైపే చూస్తున్నారు.

దాదీ మనవరాలి వైపు ఒక్కసారి చూసింది. ఒక్కసారే. తర్వాత కొంగు తల మీదికి లాక్కుంది.

"పెద్దదాన్నయినాను కదరా. తప్పినానేమోలే" అంది.

జీనత్ తేలుకుట్టిన దొంగలా కూర్చుంది. 'కాదు, నేను' అనే రెండు మాటలు గొంతు దాకా వచ్చాయి. అక్కడే ఆగిపోయాయి. చెప్తే అబ్బా అందరిముందూ తిడతాడు. చెప్పకపోతే? ఎవరికీ తెలియదు. దాదీ చెప్పదు. చెప్పదని తనకు బాగా తెలుసు.

స్టేజీ మీద మాలకొండమ్మ ఇంకా అలాగే నిలబడి ఉంది. దిగిపోవాలో వద్దో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

జీనత్ బుర్ర గబగబా పనిచేసింది. డబ్బాకు ఎనిమిది. ఎనిమిదంటే ఆరూ రెండూ. ఆరు అక్కడే ఉంచి రెండు తీసేస్తే? ఆరు డబ్బాలు, డబ్బాకు రెండు. ఆరు రెళ్ళు పన్నెండు. పన్నెండంటే రెండు ఆర్లు. ఇద్దరికి సరిగ్గా సరిపోతాయి!

"అబ్బా!" అని నాన్న చెయ్యి పట్టి లాగింది. "చెంచాలు తక్కువ కాలేదు. డబ్బాకు ఎనిమిదేసి ఉండాయి. ఒక్కో డబ్బాలోంచి రెండు తీస్తే పన్నెండొస్తాయి. ఇద్దరికీ ఆరారు ఇయ్యొచ్చు!"

చాంద్ బాషా, జనార్దనయ్య మొహమొహాలు చూసుకున్నారు. గెలిచిన పిల్లల్ని పిలిచి పురికొసలు విప్పించారు. నిజమే, ఒక్కోదాంట్లో ఎనిమిది! జీనత్ తానే స్టేజీ ఎక్కి రెండేసి చెంచాలు తీసింది. ఒక పిల్లవాడు మాత్రం, "నా ప్రైజులోంచి నేనెందుకియ్యాల?" అని డబ్బా పొట్టకు అదుముకున్నాడు. పక్కనున్న అయ్యవారు కళ్ళెర్రజేస్తే ఇచ్చాడు. ఆఫీసు గదిలోంచి తెల్ల కాగితాలు తెచ్చి రెండు పొట్లాలు కట్టారు. డబ్బా లేదు, నెమలి లేదు. అయినా మాలకొండమ్మ మొహం వెలిగింది. ఖాజావలి రెండేసి మెట్లు ఎక్కి వచ్చాడు.

జనార్దనయ్య మైకు పట్టుకున్నాడు.

"ఈ పాప పేరు జీనత్. ఉదయగిరి. ఐదో తరగతి. పెద్దోళ్ళు తప్పిన లెక్కను ఈ చిన్నపాప సరిచేసింది! ఆరు ఎనిమిదుల్ని ఎనిమిది ఆర్లు చేసి చూపించింది. గట్టిగా చప్పట్లు కొట్టండి!"

షామియానా అదిరిపోయేలా కొట్టారు. ఆయన టేబుల్ మీదున్న కొత్త జామెట్రీ బాక్సు తీసి జీనత్ చేతిలో పెట్టాడు. మూత తీస్తే లోపల వృత్తలేఖిని తళతళా మెరిసింది. అలాంటి బాక్సు వాళ్ళ బడిలో ఒక్కరికి కూడా లేదు.

జీనత్ స్టేజీ దిగబోతూ బెంచీ వైపు చూసింది. నాన్న మొహం వెయ్యి దీపాలు పెట్టినట్టుంది. పక్కవాళ్ళతో, "నా బిడ్డ, నా బిడ్డ" అంటున్నాడు.

అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడుతున్నది దాదీ. కొంగు తల మీదనుంచి జారిపోయిన సంగతి కూడా చూసుకోకుండా కొడుతోంది.

జీనత్ మెట్ల దగ్గరే ఆగిపోయింది. తిట్లు తినేటప్పుడు వేసిన సిగ్గు ఒక రకం. మెప్పు పొందేటప్పుడు వేసే సిగ్గు ఇంకో రకం. ఇది చాలా పెద్దది. భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. చేతిలో ఉన్న బాక్సు దొంగతనం చేసిన వస్తువులా అనిపించింది.

వెనక్కి తిరిగి జనార్దనయ్య దగ్గరికి పోయింది. బాక్సు టేబుల్ మీద పెట్టేసింది.

"ఏమ్మా, నచ్చలేదా?"

"అది కాదు సార్. డబ్బాలు సర్దింది నేను. మా దాదీ కాదు."

జనార్దనయ్య ఆమె వైపే చూశాడు. జీనత్ కళ్ళలో నీళ్ళు నిండాయి.

"సరేమ్మా, నాకు చెప్పినావు కదా. చాలు. పోయి కూర్చో."

జీనత్ కదలలేదు. "మైకులో చెప్తా సార్. మా అబ్బా దాదీని తిట్టింది అందరూ ఇన్నారు. ఇది కూడా అందరూ ఇనాల."

ఆయన మైకును ఆమె ఎత్తుకు వంచాడు.

"డబ్బాలు సర్దింది నేను" అంది జీనత్. తన గొంతు తనకే పెద్దగా వినిపించి భయం వేసింది. "రెండు డబ్బాలు దాచుకుందామని ఆరే సర్దినాను. మా దాదీ ఎనిమిదనే చెప్పింది. నీకు ఎక్కాలు రావని నవ్వినాను. దాదీ లెక్కే కరెక్టు. తప్పు నాది..."

మిగతాది ఏడుపులో కలిసిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ నవ్వలేదు కూడా. జనార్దనయ్య మైకు సరిచేసుకుని తర్వాతి కార్యక్రమం పేరు చదివాడు. బాక్సు టేబుల్ మీదే ఉండిపోయింది.

జీనత్ తల వంచుకుని మెట్లు దిగి వచ్చింది. తిట్లకు సిద్ధపడే వచ్చింది. కానీ చాంద్ బాషా ఆమెను చూడడం లేదు. ఆయన తల కూడా వంగే ఉంది.

"అమ్మా... అడక్కుండానే నోరు జారినాను" అన్నాడు తల్లితో.

"నలుగురిలో అన్నావురా. అదే బాధయింది" అంది దాదీ. ఆ మాట దాచుకోకుండానే అంది. చాంద్ బాషా తల్లి చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

కాసేపటికి దాదీ బెంచీ మీద పక్కకు జరిగింది. జీనత్ ఆ ఖాళీలో కూర్చుంది. కొంగుతో మనవరాలి ముక్కు తుడుస్తూ దాదీ అంది:

"ఏడస్తా మాట్లాడితే మైకులో సగం మాటలే ఇనపడతాయి బిడ్డా."

జీనత్ లేచి నిలబడింది. "మళ్ళీ పోయి చెప్పేదా దాదీ?"

దాదీ ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"వద్దులే. నాకు ఇనపడింది."